ఇంటి నుంచి పని: దేని మీద ఖర్చు పెట్టాలి, దేన్ని వదిలేయాలి

ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్లు "పని తెమలడం లేదు" అనుకోగానే మొదట ఫోన్లో కొత్త యాప్ దించుకుంటారు. తర్వాత సేల్‌లో కుర్చీ కొంటారు. రెండూ పనికొచ్చేవే. కానీ పని ఆగుతున్నది అక్కడ కాకపోతే డబ్బు పోయి చిరాకు మిగులుతుంది. అందుకే ఏదైనా కొనేముందు ఓ వారం పాటు పక్కన కాగితం పెట్టుకుని, పని ఆగినప్పుడల్లా మూడు ముక్కలు రాయండి: ఎప్పుడు, ఎంతసేపు, ఎందుకు. "11.20, 25 నిమిషాలు, కరెంటు." "3.05, 10 నిమిషాలు, కాల్‌లో గొంతు తెగింది." "4.00, అరగంట, ఏది ముందు చేయాలో తేలలేదు." వారం తిరిగేసరికి ఏ కారణం కింద ఎక్కువ నిమిషాలు పోయాయో తెలుస్తుంది. డబ్బు అక్కడ పెట్టాలి. జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో ఉండి హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పని చేసేవాళ్ల కాగితం మీద చాలాసార్లు పైన కనిపించేవి కరెంటు, నెట్టు. కాబట్టి వాటితోనే మొదలుపెడదాం.

కరెంటు: మినీ యూపీఎస్సా, డెస్క్‌టాప్ యూపీఎస్సా, ఇన్వర్టరా

ల్యాప్‌టాప్ మీద పని చేసేవాళ్లకు కరెంటు పోయినా యంత్రం ఆగదు, ఆగేది రౌటర్. రౌటర్ తినేది చాలా తక్కువ, మామూలుగా 8 నుంచి 12 వాట్లు. దానికోసం అరచేతిలో పట్టే మినీ యూపీఎస్ దొరుకుతుంది. కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. మొదటిది, రౌటర్ అడాప్టర్ వెనక రాసి ఉన్న వోల్టేజీ, ఆంపియర్లు. ఎక్కువగా 12 వోల్టులు ఉంటుంది, కరెంటు 1, 1.5 లేదా 2 ఆంపియర్లు. మినీ యూపీఎస్ అదే వోల్టేజీ ఇవ్వాలి, ఆంపియర్లు అంతకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. రెండోది, పెట్టె మీద ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే చార్జి) అంకె. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ అంకెను సాధారణంగా లోపలి లిథియం సెల్ వోల్టేజీ, అంటే 3.7 దగ్గర లెక్కేసి రాస్తారు, 12 వోల్టుల దగ్గర కాదు. 6,000 ఎంఏహెచ్ అని ఉంటే 6 ఇంటూ 3.7, సుమారు 22 వాట్-అవర్లు, అంటే 22 వాట్ల పరికరం గంట నడిచేంత. మార్పిడిలో కొంత పోతుంది. 10 వాట్ల రౌటర్ మీద రెండు గంటలు కూడా నిండవు. పెట్టె మీద "4 గంటలు" అని ఉంటే అది 5 వాట్ల చిన్న రౌటర్ లెక్క. ఫైబర్ పెట్టె వేరుగా, వైఫై రౌటర్ వేరుగా ఉన్న ఇళ్లలో రెండింటికీ సప్లై కావాలి. ఒక్క రౌటర్‌కే పెట్టి "వైఫై ఉంది, నెట్టు రావట్లేదు" అని తల పట్టుకునేది ఇందుకే.

డెస్క్‌టాప్ వాడేవాళ్ల సంగతి వేరు. మార్కెట్లో మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ ఉంటుంది, అంటే మొత్తం 84 వాట్-అవర్లు. సీపీయూ, మానిటర్ కలిసి 120 వాట్లు లాగితే 15, 20 నిమిషాలు వస్తుంది. ఫైలు సేవ్ చేసి యంత్రాన్ని సరిగ్గా ఆపుకోవడానికే అది. గంట కోత గట్టెక్కడానికి కాదు. రెండు మూడేళ్లకు బ్యాటరీ బలహీనపడి, కరెంటు పోగానే ఒక్క కీచుతో ఆగిపోతుంది. అప్పుడు యూపీఎస్ మొత్తం పారేయక్కర్లేదు, బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలు.

ఇన్వర్టర్ పెద్ద ఖర్చు, కానీ రోజూ గంటకు పైగా కోత ఉన్న ఊళ్లో దానికి సాటి లేదు. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ లెక్క ప్రకారం 1,800 వాట్-అవర్లు. అంతా వాడుకోలేం. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్‌లోనే కొంత పోతుంది, పైగా ఆ 150 అన్న అంకె 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చేది. చేతికి వచ్చేది 1,100 వాట్-అవర్ల చుట్టుపక్కల అనుకోండి. ల్యాప్‌టాప్‌కు 60, మానిటర్‌కు 25, రౌటర్‌కు 10, ఫ్యానుకు 70, లైటుకు 10. మొత్తం 175 వాట్లు, అంటే ఆరు గంటలు. అదే ఇన్వర్టర్ మీద హాల్లో టీవీ, మరో రెండు ఫ్యాన్లు తిరిగితే సమయం సగానికి పడిపోతుంది. బ్యాటరీ పెద్దది కొనే ముందు, పని గదిలో పాత ఫ్యాను తీసి 30 వాట్లే తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాను పెట్టుకోవడం చవక.

ఇన్వర్టర్ ఉండి కూడా పని ఆగే ఇళ్లు ఎన్నో. మొదటి కారణం వైరింగ్. ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకు, లైట్లకు ఇచ్చి వదిలేస్తారు, టీవీ పక్కన రౌటర్ గుచ్చిన సాకెట్‌కు ఇవ్వరు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి రౌటర్ దగ్గరికి, టేబుల్ దగ్గరికి ఒక్కో పాయింటు లాగించుకుంటే సరిపోతుంది. రెండో కారణం ఇన్వర్టర్ వెనక ఉండే చిన్న స్విచ్. దానికి మామూలు మోడ్, యూపీఎస్ మోడ్ అని రెండు ఉంటాయి. మామూలు మోడ్‌లో బ్యాటరీ మీదికి మారడానికి పట్టే క్షణంలో డెస్క్‌టాప్ ఆగి మళ్లీ మొదలవుతుంది, కొన్ని రౌటర్లూ అంతే. యూపీఎస్ మోడ్‌లో పెడితే ఆ సమస్య పోతుంది. అయితే ఆ మోడ్‌లో ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు, సుమారు 180 వోల్టుల కంటే కిందికి పడితే కరెంటు ఉన్నా బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. మోటార్లు ఆన్ అయ్యే వేళల్లో వోల్టేజీ పడిపోయే ఊళ్లలో దీనివల్ల బ్యాటరీ సగం చార్జితోనే ఉండి, అసలు కోత వచ్చినప్పుడు చేతులెత్తేస్తుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ను మామూలు మోడ్‌లోనే ఉంచి, రౌటర్‌కు మినీ యూపీఎస్, డెస్క్‌టాప్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మేలు.

ఎంపిక ఇలా: ల్యాప్‌టాప్ బ్యాటరీ రెండు గంటలు నిలుస్తుంది, కోతలూ అంతకు మించవు అంటే, అంతసేపు నిలిచే మినీ యూపీఎస్ చాలు. ఒక్క మినహాయింపు, మే నెల. 43 డిగ్రీల ఎండలో నెట్టు ఉండీ ఫ్యాను లేకపోతే ఎవరూ పని చేయలేరు. వేసవి కోతలు ఎక్కువైన చోట ఇన్వర్టర్‌ను ఫ్యాను కోసమే కొనాల్సి వస్తుంది, రౌటర్ దాని వెంట నడుస్తుంది.

నెట్టు: రెండోది ఏది పెట్టుకోవాలి

మొదటి కనెక్షన్ ఫైబర్ దొరికిన చోట ఫైబరే, అందులో తర్జనభర్జన అక్కర్లేదు. ఎంపిక చేసుకోవాల్సింది రెండో దారి. దానికి ఒకే సూత్రం: మొదటిది ఏ కారణంతో పోతుందో, రెండోది అదే కారణంతో పోకూడదు. వీధిలో ఒకే స్తంభం మీద వేలాడే రెండు కంపెనీల ఫైబర్లు తీసుకుంటే నెలకు రెండు బిల్లులు వస్తాయి, లారీ తగిలి తీగ తెగిన రోజు రెండూ కలిసి పోతాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లు తొలగించినప్పుడు ఎన్నో కాలనీల్లో ఇదే జరిగింది. అలాగే ఫైబరూ, ఫోన్ సిమ్మూ ఒకే కంపెనీవైతే, ఆ కంపెనీ నెట్‌వర్క్ మొరాయించిన రోజు రెండూ మొరాయిస్తాయి. ఫైబర్ ఒకరిది, సిమ్ మరొకరిది ఉండాలి.

ఫైబర్ తీసుకునేటప్పుడు స్పీడు గురించి అడిగేవాళ్లే గానీ ఇంకో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ: "మా వీధిలో కరెంటు పోతే మీ లైను నడుస్తుందా?" స్ప్లిటర్ (ఒక ఫైబర్‌ను అనేక ఇళ్లకు పంచే పెట్టె) నుంచి నేరుగా ఇంటిదాకా ఫైబర్ వస్తే దారి మధ్యలో కరెంటు అవసరం లేదు, ఆపరేటర్ ఆఫీసులో బ్యాకప్ ఉంటే చాలు. చిన్న ఆపరేటర్లు కొన్నిచోట్ల ఫైబర్‌ను వీధి చివర ఓ స్విచ్ పెట్టె వరకే తెచ్చి, అక్కడి నుంచి మామూలు ల్యాన్ కేబుల్ ఇస్తారు. ఆ పెట్టెకు కరెంటు పోతే మీ ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా ఫలితం లేదు. మినీ యూపీఎస్ మీద రౌటర్ వెలుగుతున్నా కోత మొదలైన కొద్దిసేపటికే నెట్టు పోతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండో దారికి ముందున్నవి రెండు. ఒకటి ఫోన్ హాట్‌స్పాట్, రెండోది ఇంటి మీద రిసీవర్ పెట్టి 5జీ సిగ్నల్‌తో ఇచ్చే ఎయిర్‌ఫైబర్ రకం. జియో, ఎయిర్‌టెల్ రెండూ దీన్ని 2023లో మొదలుపెట్టాయి. ఫైబర్ రాని వీధికి ఎయిర్‌ఫైబరే మొదటి కనెక్షన్ కావచ్చు, తీసుకునే ముందు మీ ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి) దాని మీద నిలకడగా ఉంటుందో లేదో అదే కంపెనీ 5జీ సిమ్‌తో ఓ పూట పరీక్షించండి. కానీ నెలకు రెండుసార్లు ఫైబర్ పోయే ఇంటికి రెండో నెల బిల్లు దండగ. హాట్‌స్పాట్ చాలు, సరిగ్గా వాడితే. వీడియోతో గ్రూపు కాల్ గంటకు ఒక జీబీ దాటేస్తుంది, కాబట్టి రోజుకు 2 జీబీ ప్లాను ఒకటి రెండు మీటింగులకే హరీ అంటుంది. మీ వీడియో, అవతలి నుంచి వచ్చే వీడియో రెండూ ఆపి గొంతు మాత్రమే నడిపితే గంటకు వంద ఎంబీ లోపే. హాట్‌స్పాట్‌ను విండోస్‌లో మీటర్డ్ (డేటా పరిమితి ఉన్న) కనెక్షన్‌గా గుర్తు పెట్టండి, లేకపోతే సరిగ్గా అప్పుడే అప్‌డేట్లు, క్లౌడ్ ఫైళ్లు దిగడం మొదలై కాల్ గొంతు నులిమేస్తాయి. వైఫై హాట్‌స్పాట్ కంటే కేబుల్ గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టడం నయం, ఫోను చార్జి కూడా అవుతుంది.

నెట్టు సరిగా లేదని ప్లాను పెంచుకునే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ అడ్రసుకు (192.168.1.1 గానీ, రౌటర్ కింద రాసినది గానీ), రెండోదాంట్లో గూగుల్ సర్వర్ అడ్రసు 8.8.8.8కు ఆగకుండా పింగ్ నడపండి (ping -t అని రాసి పక్కన అడ్రసు). అవతలి నుంచి జవాబు రావడానికి ఎంతసేపు పడుతోందో పింగ్ చూపిస్తుంది. కాల్‌లో గొంతు తెగినప్పుడు రౌటర్ పింగే వందల మిల్లీసెకన్లకు ఎగబాకితే తప్పు ఇంట్లోని వైఫైది. రౌటర్ పింగ్ బాగుండి రెండోది మాత్రమే తప్పుతోంటే ఆపరేటర్‌ను నిలదీయొచ్చు. తప్పు వైఫైది అయినప్పుడు 100 నుంచి 300 ఎంబీపీఎస్‌కు పెంచుకున్నా కాల్ బాగుపడదు. వీడియో కాల్‌కు కావాల్సింది నిలకడగా వచ్చే 3, 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మాత్రమే. టేబుల్ దాకా ఒక ల్యాన్ కేబుల్ లాగితే ఆ గొడవ తీరిపోతుంది. కేబుల్ వేయించేటప్పుడు ఎనిమిది తీగలూ కనెక్టర్‌లోకి వెళ్లాయో లేదో చూసుకోండి. నాలుగు తీగలే బిగిస్తే స్పీడు 100 ఎంబీపీఎస్ దాటదు.

రౌటర్ మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగిందంటే సిగ్నల్ లోపలికి రావడం లేదని అర్థం. ఎక్కడో తీగ తెగి ఉంటుంది, లేదా బీరువా వెనక నలిగి ఉంటుంది. రౌటర్‌ను పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఫిర్యాదు రాసి హాట్‌స్పాట్ మీదికి మారిపోండి.

కూర్చునే చోటు

మన డైనింగ్ టేబుళ్ల ఎత్తు 75 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఐదడుగుల రెండంగుళాల మనిషికి అది ఎత్తు. భుజాలు పైకి లేచి సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచి, పాదాల కింద పీట పెట్టుకుంటే సరిపోతుంది. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల మీదికి ఎత్తి, వేరే కీబోర్డు, మౌసు పెట్టుకోవడం ఖరీదైన కుర్చీ కంటే ముందు చేయాల్సిన పని. తెర ఎత్తకుండా ఎంత మంచి కుర్చీ కొన్నా వీపు ముందుకే వంగుతుంది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ టేబుల్ కిందికి పోదు, దానివల్ల అంచున కూర్చోవాల్సి వస్తుంది. కొంటే చేతులు లేనిది కొనండి.

కో-వర్కింగ్ స్థలం ఎవరికి? ఒక బెడ్‌రూమ్ ఇంట్లో ఇద్దరూ కాల్స్ మీద ఉండేవాళ్లకు, పసిపిల్లలున్న ఇంటివాళ్లకు. రోజూ అక్కర్లేదు, కాల్స్ ఎక్కువున్న రోజులకు డే పాస్ తీసుకోవచ్చు. బ్యాంకు, ఆరోగ్య రంగాల క్లయింట్లకు పని చేసేవాళ్లు మాత్రం ముందు ఆఫీసును అడగాలి, బయట తెర తెరవకూడదన్న షరతు ఉండొచ్చు.

కుక్కరు విజిల్, మిక్సీ, వీధిలో కూరగాయల బండి మైకు ఉన్న ఇంట్లో ఇయర్‌బడ్స్ కంటే నోటి దగ్గరికి మైకు వచ్చే వైరు హెడ్‌సెట్ మేలు. చాలా బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మైకు ఆన్ అవగానే శబ్దం నాణ్యత పడిపోతుంది. పాటలకు బాగున్నది కాల్‌లో డొల్లగా వినిపించేది అందుకే.

పనుల చిట్టా: నోటుబుక్కా, యాపా, బోర్డా

ఏ యాప్ మంచిదన్న ప్రశ్నకు ముందు, మీకు పని ఏ దారిన వస్తుందో చూడండి. ఆఫీసు జిరా లాంటి టికెట్ పద్ధతి (ఒక్కో పనిని ఒక్కో టికెట్‌గా నమోదు చేసే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే పనులన్నీ అక్కడే ఉంటాయి. వాటిని మళ్లీ ఇంకో యాప్‌లోకి ఎక్కించడం రెట్టింపు చాకిరీ, రెండు రోజుల్లో రెండూ పొంతన తప్పుతాయి. అలాంటివాళ్లకు నోటుబుక్కులో రోజుకో పేజీ చాలు. పేజీని మూడు భాగాలు చేయండి. పైన ఇవాళ తప్పనిసరిగా తేలాల్సినవి, మూడుకు మించకుండా. మధ్యలో వీలైతే చేసేవి. కింద "ఎవరి దగ్గర ఆగింది". ఈ మూడోదే ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ప్రాణం. ఆఫీసులో అయితే అవతలి మనిషి ఎదురుపడి గుర్తు చేస్తాడు, ఇంట్లో ఆ అవకాశం లేదు. ఎవరిని, ఏమి, ఏ తేదీన అడిగారో రాసుకుని, రెండు రోజులకు మళ్లీ అడగాలి.

రాసే తీరు కూడా ముఖ్యం. "రిపోర్టు" అని ఒక్క మాట రాస్తే అది రోజూ తర్వాతి పేజీకి జారుతూనే ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ మాటలో లేదు కాబట్టి. "మార్చి అమ్మకాల షీటులో తప్పు మొత్తాలు సరిచేసి 4 లోపు మేనేజరుకు మెయిల్" అని రాస్తే కూర్చోగానే చేయి కదులుతుంది. మూడు రోజులు వరసగా జారిన పనిని నాలుగో రోజు ముక్కలు చేయండి, లేదా చేయనని చెప్పేయండి.

నోటుబుక్కు ఓడిపోయేది తేదీల దగ్గర. జీఎస్టీ, టీడీఎస్ చూసే అకౌంటెంట్లకు 7న టీడీఎస్ చెల్లింపు, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి రిటర్నులు దాదాపు ప్రతి నెలా తిరిగి వస్తాయి, అది కూడా పదిమంది క్లయింట్లకు. ఇక్కడ యాప్ తప్పదు. గూగుల్ టాస్క్స్ అయినా, టుడూయిస్ట్ అయినా చూడాల్సినవి రెండే: నెలనెలా తిరిగి వచ్చే పని పెట్టుకోగలమా, గడువుకు మూడు రోజుల ముందు గుర్తు చేస్తుందా. యాప్‌లో వచ్చే రోగం వేరు. అందులో రాయడం తేలిక కాబట్టి ఎనభై పనులు పేరుకుంటాయి, సగం ఎర్రబారతాయి, ఆ ఎరుపు చూడలేక తెరవడమే మానేస్తారు. శుక్రవారం సాయంత్రం పదిహేను నిమిషాలు కూర్చుని గడువు దాటినవాటికి కొత్త తేదీ ఇవ్వడమో, కొట్టేయడమో చేసే ఓపిక లేకపోతే యాప్ జోలికి వెళ్లకండి.

ట్రెల్లో లాంటి బోర్డు ఫ్రీలాన్సర్లకు బాగా కుదురుతుంది: అనువాదం, డిజైను, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు. ఒక్కో కార్డు ఒక్కో ఆర్డరు, "వచ్చింది, చేస్తున్నా, క్లయింటు చూస్తున్నారు, బిల్లు పంపా, డబ్బు వచ్చింది" అని అయిదు వరసలు. చివరి రెండు వరసలు పెట్టనివాళ్లకే డబ్బు రావడం ఆలస్యం. "చేస్తున్నా" వరసలో మూడు కార్డులకు మించనివ్వకండి.

వాట్సాప్‌లో వచ్చే పనులకు ఏ పద్ధతీ పూర్తిగా సరిపోదు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి గ్రూపులు తిరగేసి పనులను చిట్టాలోకి ఎక్కించి, "రేపు 12కు ఇస్తా" అని అక్కడే జవాబివ్వడం నడిచే దారి. నక్షత్రం గుర్తు పెట్టి వదిలేసిన మెసేజ్ మళ్లీ కంటపడదు.

వేళలు: చిన్న విడతలా, పెద్ద విడతలా

25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే పొమొడోరో పద్ధతి మనసు ఒప్పని పనులకు బాగా పని చేస్తుంది: ఖర్చుల బిల్లులు ఎక్కించడం, మెయిళ్లు తేల్చడం, ఇష్టం లేని ట్రైనింగ్ వీడియోలు. కోడ్ రాసేవాళ్లకు, రాత పని ఉన్నవాళ్లకు అది అడ్డు, ఊపు అందుకునేసరికి గంట మోగుతుంది. వాళ్లు క్యాలెండర్‌లో గంటన్నర ముక్కను అడ్డంగా గీసి "బిజీ" అని పెట్టుకోవడం మేలు. ఆ ముక్క ఇంట్లో సద్దుమణిగే వేళకు పడాలి. పిల్లలు బడికి వెళ్లాక, వంటింట్లో మధ్యాహ్నం పని మొదలయ్యేలోపు. మీటింగులు రోజుకు నాలుగు దాటితే ఏ పద్ధతీ నిలవదు. వాటిని ఒక పూటకు తోయించుకోవడమే మార్గం.

అమెరికా టీమ్‌తో పని చేసేవాళ్లు ఏడాదికి రెండుసార్లు దెబ్బతినేది గడియారం దగ్గర. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగు వేసవిలో మనకు సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. కాలిఫోర్నియా వాళ్ల 9 అయితే రాత్రి 9.30, చలికాలంలో 10.30. లండన్ టీమ్ కూడా ఉంటే ఇంకో చిక్కు. అక్కడ గడియారం మారేది మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఓ వారం ముగ్గురి మధ్య తేడా మామూలు లెక్కకు అందదు. మీటింగును పిలిచినవాళ్ల టైమ్ జోన్‌లోనే క్యాలెండర్‌లో ఉంచండి, అదే సర్దుకుంటుంది. ఫోన్లో విడిగా 6.30కు అలారం పెట్టుకున్నవాళ్లు నవంబరులో గంట ముందు వచ్చి ఖాళీ గదిలో కూర్చుంటారు, చలికాలంలో 7.30కు పెట్టుకున్నవాళ్లు మార్చిలో గంట ఆలస్యంగా వస్తారు. క్యాలెండర్ సెట్టింగుల్లో రెండో టైమ్ జోన్ చూపించే వీలుంటుంది, అది ఆన్ చేస్తే పక్కపక్కనే రెండు గంటల పట్టీలు కనిపిస్తాయి. మీటింగు వేసేది మీరే అయితే, వాళ్ల పట్టీ చూసే వేయండి.